చక్రాలు బిగించడం ఛోటూ పని కాదు

పాత అంబాసిడర్‌కి వెనక యాక్సిల్ మార్చడం అంటే మన షెడ్లలో పెద్ద కామ్. అమలాపురంలో గానీ, రాజోలులో గానీ, కొత్తపేటలో గానీ ఆ రోజు ఉస్తాద్ ఇంకో బండి ముట్టుకోడు. కమాను కట్టల యూ బోల్టులు విప్పడం, ప్రొపెల్లర్ షాఫ్టు దించడం, బ్రేకు పైపు ఊడదీయడం, పాత హౌసింగ్ బయటికి లాగి, పాత సామాన్ల కొట్టు నుంచి తెచ్చిన దాన్ని లోపలికి తోయడం, అన్నీ దగ్గరుండి చూస్తాడు. క్రౌన్ పినియన్ చప్పుడు చెవి పెట్టి వింటాడు. అంతా అయ్యాక గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఒక మాట అంటాడు: "అరే ఛోటూ, టైర్లు ఎక్కించెయ్." అని చాయ్‌కి వెళ్తాడు.

నా ఝగడా ఆ ఒక్క మాటతోనే.

యాక్సిల్ మార్చిన బండిలో చక్రాలు ఎక్కించడం అసలు పని అయిపోయాక మిగిలే చిల్లర పని అని మనం అనుకుంటున్నాం. గలత్. రెండు రోజుల మెహనత్ మొత్తం చివరికి ఆ గుప్పెడు నట్ల మీదే నిలబడుతుంది. క్రౌన్ చప్పుడు చేస్తే బండి మోగుతుంది, అంతే. ఆయిల్ కారితే నేల పాడవుతుంది, అంతే. చక్రం ఊడితే జనాజా లేస్తుంది. షెడ్డులో అన్నిటికంటే ఖతర్నాక్ పనిని అన్నిటికంటే చిన్నవాడి చేతిలో పెట్టడం ఏ అఖల్ అని అడుగుతున్నాను.

ఈ మాట మెకానిక్ భాయిలకి మాత్రమే కాదు. మన ఇళ్లలోని అమ్మీలకీ, ఖాలాలకీ, బెహన్లకీ కూడా. ఎందుకంటే ఆ వెనక యాక్సిల్ ఉండేది సరిగ్గా మీరు కూర్చునే సీటు కిందా వెనకా. నికాహ్‌కి పోయినా, వలీమాకి పోయినా ముందు సీట్లో మగాళ్లు, వెనక సీట్లో మీరూ, మీ ఒళ్లో పిల్లలూ. షెడ్డులో బేరం ఆడేది ముందు సీటు వాళ్లు, ఆ బేరం మీద కూర్చునేది వెనక సీటు వాళ్లు. కాబట్టి ఈ సంగతి తెలుసుకునే హక్ మీకే ఎక్కువ ఉంది.

అంబాసిడర్ సంగతి ముందు చెప్పుకుందాం. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో దీన్ని తయారు చేశారు. 1950ల చివర మొదలైన తయారీ 2014 మేలో ఆగిపోయింది. 2017లో ఆ పేరు కూడా 80 కోట్లకి ఫ్రాన్స్‌కి చెందిన ప్యూజో కంపెనీకి అమ్ముడుపోయింది. మార్క్ టూ, మార్క్ త్రీ, మార్క్ ఫోర్, నోవా, ఇసుజు ఇంజిన్ బండి అని ఎన్నో రూపాలు వచ్చాయి. పై డొక్కు చూస్తే అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. లోపల సామాను మాత్రం ఏళ్ల తరబడి మారుతూ వచ్చింది. ధోకా అక్కడే ఉంది. "అంబాసిడర్ యాక్సిల్ అంబాసిడర్‌కే కదా పడుతుంది" అని పాత సామాన్ల కొట్టు వాడు అంటాడు. ఆ యాక్సిల్ ఏ ఏడాది బండిదో, దానికి ముందు యజమాని ఏ నట్లు పెట్టాడో, ఏ స్టడ్లు మార్చాడో ఎవరికి తెలుసు? తయారీ ఆగి పదేళ్లు దాటాక కొత్త హౌసింగ్ ఎక్కడ దొరుకుతుంది? మనకి వచ్చేదల్లా ఎవరిదో పాత బండి నుంచి విప్పిందే. కోనసీమలో సముద్రపు ఉప్పు గాలి, వరి కాలవల తడి దానికి తోడు. ఇనుముకి ఇది దుష్మన్ ఇలాకా.

ఇక నట్ల దగ్గరికి వద్దాం. పాత బ్రిటిష్ ఖాందాన్ బండ్లలో అంగుళాల మరలు ఎక్కువ, తర్వాత వచ్చిన బండ్లలో మిల్లీమీటర్ల మరలు. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. అర అంగుళం సన్న మరలో అంగుళానికి 20 చుట్లు, అంటే చుట్టుకి 1.27 మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల స్టడ్డులో 1.25 మిల్లీమీటర్ల మర ఉండేవి ఉన్నాయి. తేడా 0.02 మిల్లీమీటర్లు. కాబట్టి అర అంగుళం నట్టు ఆ 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద హాయిగా ఎక్కుతుంది. వేళ్లతో తిప్పితే తిరుగుతుంది. పిల్లాడు ఖుష్. కానీ మర అంచుల్లో మాత్రమే పట్టుకుంటుంది. గట్టిగా బిగిస్తే మర కోసుకుపోతుంది, లేదా బిగిసినట్టు నటించి రోడ్డు మీద వదిలేస్తుంది. ఈ తేడా కంటికి కనపడదు. కొలిస్తేనే తెలుస్తుంది. కొలత పని ఛోటూకి ఎవరు నేర్పారు?

పాత విల్లీస్ జీపుల్లో ఇంకో తమాషా. వాటి ఎడమ వైపు చక్రాలకి ఉల్టా మర ఉండేది. విప్పాల్సిన వైపు తిప్పితే బిగుస్తుంది. ఆ సంగతి తెలియని కుర్రాడు పైపు తగిలించి బలం అంతా పెడితే స్టడ్డు విరుగుతుంది. ఒక వైపు ఉల్టా, ఒక వైపు సీదా ఉన్న యాక్సిల్‌ని సీదా మరల బండికి వేస్తే నట్లు కలగాపులగం అవుతాయి. డబ్బాలో ఉన్న నట్లన్నీ ఒకే రకం అనుకోవడం కంటే పెద్ద లాపర్వాహీ లేదు.

స్టడ్ల వలయం కొలత మరో మాట. ఎదురెదురు స్టడ్ల మధ్య నుంచి మధ్యకి కొలిస్తే నాలుగు స్టడ్ల హబ్బుకి అది తెలుస్తుంది. ఐదు స్టడ్లైతే ఎదురెదురు ఉండవు కాబట్టి, పక్కపక్క రెండిటి మధ్య దూరాన్ని 1.7తో హెచ్చిస్తే దాదాపుగా వస్తుంది. ఫియట్ ఖాందాన్‌లో చాలా బండ్లకి నాలుగు స్టడ్లు 98 మిల్లీమీటర్ల వలయంలో ఉంటాయి. జపాన్ ఖాందాన్ చిన్న కార్లలో చాలా వాటికి 100. తేడా రెండు మిల్లీమీటర్లే. డిస్కు కొంచెం లాగితే ఎక్కేస్తుంది. కానీ నట్టు తన గుంటలో సూటిగా కూర్చోదు, స్టడ్డు వంగి ఉంటుంది. వంగిన స్టడ్డు చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక దెబ్బ తింటుంది. సుమారు రెండు మీటర్ల చుట్టుకొలత ఉన్న చక్రం కిలోమీటరుకి 500 సార్లు తిరుగుతుంది. 50 కిలోమీటర్లకి 25,000 దెబ్బలు. ఇనుము కూడా థక్ జాతా హై, భాయ్.

మరలు సరిపోయాయి, వలయం సరిపోయింది. ఇప్పుడైనా ఎక్కించొచ్చా? ఆగాలి. డిస్కు వచ్చి ఆనుకునే ముఖం శుభ్రంగా ఉందా? హబ్బు మీద తుప్పు పెచ్చులు, డ్రమ్ము మీద నిన్న కొట్టిన మందపాటి పెయింటు, డిస్కు వెనక పాత మట్టి, ఇవన్నీ మధ్యలో ఉండగా నట్టు బిగిస్తే ఆ క్షణానికి గట్టిగానే ఉంటుంది. బండి పది కిలోమీటర్లు పోయాక ఆ పెచ్చులు నలుగుతాయి, పెయింటు పలచబడుతుంది, బిగువు సగం పోతుంది. నట్టు తనంతట తాను వదులవ్వలేదు, దాని కింద నేల కుంగింది. వైర్ బ్రష్‌తో పది నిమిషాల పని ఇది. పెళ్లి బండి మెరవాలని డ్రమ్ములకి రంగు కొట్టించే యజమానులు ఈ పది నిమిషాలకి జల్దీ జల్దీ అంటారు.

బ్రేకు డ్రమ్ము కూడా హబ్బు మీద సమానంగా కూర్చుందో లేదో చూడాలి. వేరే యాక్సిల్‌కి పాత డ్రమ్ము తగిలిస్తే మధ్య రంధ్రం అర మిల్లీమీటరు పట్టక ఒక పక్క లేచి ఉండొచ్చు. నట్లతో లాగేస్తే అప్పటికి కూర్చుంటుంది. ఆ లాగుడుకి ఖర్చయిన బిగువు చక్రాన్ని పట్టుకోవడానికి మిగలదు.

బిగువు అంటే ఎంత? ఇక్కడే మన ఉస్తాద్‌లకి గుస్సా వస్తుంది. "నలభై ఏళ్లుగా చేతి అందాజ్‌తోనే బిగిస్తున్నాం. మా అబ్బా దగ్గర ఏ మీటరు పానా ఉంది?" ఈ దలీల్‌ని నేను ఇజ్జత్‌తోనే వింటాను. చేతి అందాజ్ నిజమైన ఇల్మ్. కానీ ఆ చెయ్యి దేని మీద నేర్చుకుంది? అవే స్టడ్లు, అవే నట్లు, అదే డిస్కు వేలసార్లు బిగించి నేర్చుకుంది. యాక్సిల్ మారిన రోజున అవన్నీ కొత్తవి. స్టడ్డు వేరు, మర వేరు, నట్టు కూర్చునే గుంట వేరు. తెలిసిన దారిలో కళ్లు మూసుకుని నడిచేవాడు తెలియని ఊళ్లో కూడా కళ్లు మూసుకుంటే అది హునర్ కాదు. పైగా అబ్బా బిగించిన బండి కాలవ గట్టు మీద సైకిళ్ల మధ్య పాకింది. ఇవాళ అదే బండి 216 నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్య పరుగెత్తుతోంది.

సీదా హిసాబ్ ఒకటి చెప్తాను. అర మీటరు పొడవున్న పానా చివర 20 కిలోల బరువుతో నొక్కితే దాదాపు 100 న్యూటన్ మీటర్ల బిగువు వస్తుంది. మామూలు కార్లలో చాలా వాటికి ఇంచుమించు అంతే కావాలి. అసలు లెక్క ఆ స్టడ్డుకీ ఆ బండికీ మాన్యువల్‌లో రాసి ఉన్నదే. ఇప్పుడు అదే పానాకి మీటరు పైపు తగిలించి 60 కిలోల కుర్రాడు దాని మీద నిలబడితే? దాదాపు 600. ఆరు రెట్లు. స్టడ్డు సాగిపోతుంది. సాగిన స్టడ్డు పైకి బాగానే కనపడుతుంది, లోపల ప్రాణం ఉండదు. ఇంకో పక్క 12 ఏళ్ల బక్క పిల్లాడు పొట్టి పానాతో తన శక్తి అంతా పెట్టినా కావలసినంత రాదు. వదులైన చోట డిస్కు రంధ్రాలు కోడిగుడ్డులా సాగుతాయి. ఒకడు ఎక్కువ, ఒకడు తక్కువ. ఇద్దరి దగ్గరా లేనిది కొలత. కొన్ని వేల రూపాయలకి టార్క్ పానా వస్తుంది. షెడ్డు ముందు ఫ్లెక్సీకి పెట్టే ఖర్చా కంటే అది ఎక్కువేమీ కాదు.

మరకి ఆయిలు పూయడం ఇంకో అలవాటు. ఆయిలు పూసిన స్టడ్డు మీద అదే కొలతతో బిగిస్తే లోపలి లాగుడు చాలా ఎక్కువ అవుతుంది. మాన్యువల్ చెప్తే తప్ప మర పొడిగా, శుభ్రంగా ఉండాలి. నట్టు ముందు వేళ్లతోనే తిప్పాలి. 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద నట్టు కనీసం 12 మిల్లీమీటర్ల లోతు పట్టాలి. చుట్టుకి 1.5 మిల్లీమీటర్ల మర అయితే ఎనిమిది చుట్లు. నాలుగు చుట్లకే బిగిసిందంటే ఖుషీ పడకూడదు, ఫికర్ పడాలి. తర్వాత ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా, విడతలుగా బిగించాలి. చివరి బిగువు చక్రం నేలని తాకాకే.

నేల అన్నాను కాబట్టి ఇంకో మాట. మన ఒండ్రు నేలలో జాకీ కింద మందపాటి చెక్క లేకపోతే జాకీ దిగిపోతుంది. ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఏ పిల్లాడినీ పంపకండి. స్టాండ్లు పెట్టండి.

చక్రం బిగిసింది. బండి కూడా కదిలింది. పని ఖతమ్ అయిందా? కొత్త హౌసింగ్ పాతదాని కంటే వెడల్పైతే టైరు మడ్‌గార్డు అంచుకి తగులుతుంది, సన్నదైతే లోపల కమాను కట్టకి రాసుకుంటుంది. ఖాళీ బండిలో ఇది తెలియదు. మన పెళ్లి బండిలో ఎంతమంది ఎక్కుతారో నేను చెప్పాలా? వెనక నలుగురు పెద్దవాళ్లని కూర్చోబెట్టి, గుంటల్లో మెల్లగా నడిపి, దిగి టైరు లోపలి గోడ మీద చెయ్యి పెట్టి చూడాలి. బ్రేకులో గాలి తీశారా, హ్యాండ్ బ్రేకు తీగ టైరుకి దూరంగా ఉందా, హౌసింగ్‌లో ఆయిల్ పోశారా, కమాను కట్టల బుష్షుల బోల్టులు బండి బరువు చక్రాల మీద ఉండగా బిగించారా? ఇవన్నీ అడగాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లూ, యూ బోల్టులూ మళ్లీ కొలతతో చూడాలి. అమలాపురం నుంచి బోడసకుర్రు వంతెన మీదుగా రాజోలు వెళ్లి వస్తే సుమారు అంత దూరం. నన్నడిగితే ఆ మొదటి ప్రయాణం ఉస్తాద్ తానే కూర్చుని చేయాలి, పిల్లలున్న కుటుంబంతో కాదు.

ఇన్ని మాటలు చెప్తే వచ్చే జవాబు నాకు తెలుసు. "అల్లా మాలిక్ హై, భాయ్." బేషక్. అల్లాయే మాలిక్. కానీ ఆ మాటని పానాకి బదులుగా వాడే హక్ మనకి ఎవరిచ్చారు? ముందు ఒంటెని కట్టేసి తర్వాత తవక్కుల్ చేయమనే సబక్ మన ఇళ్లలో చిన్న పిల్లలకి కూడా తెలుసు. బండి విషయానికి వచ్చేసరికి ఒంటెని వదిలేసి తవక్కుల్ అంటున్నాం. అది ఈమాన్ కాదు, బద్ధకానికి కప్పిన చాదర్. పరాయి వాడి కారు నీ షెడ్డులో ఉన్నంతసేపూ అది నీ దగ్గర అమానత్. అందులో ఎక్కబోయే ప్రాణాలు ఇంకా పెద్ద అమానత్.

రెండో బహానా: "పిల్లాడు నేర్చుకోవాలి కదా?" నేర్చుకోవాలి. కానీ నేర్పడం అంటే పక్కన నిలబడడం. ఉస్తాద్ చాయ్ కొట్టులో ఉంటే పిల్లాడు నేర్చుకునేది లాపర్వాహీ ఒక్కటే. పైగా 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్ని షెడ్డులో పనికి పెట్టుకోవడమే నేరం. వాడి చోటు మదర్సాలోనో, బడిలోనో. ఆ వయసు దాటిన షాగిర్ద్‌కి కొలతలు నేర్పండి, మాన్యువల్ చదవడం నేర్పండి, ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్‌లో చేర్పించండి. రెండేళ్ల చదువు. చేతికి తోడు సర్టిఫికెట్ వస్తుంది.

మూడోది: "గాహక్ డబ్బులివ్వడు." ఇది నిజం. ఇక్కడ గల్తీ మన ఇళ్లదే. క్రౌన్ పినియన్‌కి వేలు ఇస్తాం. దుల్హా బండికి పూలకి వేలు ఇస్తాం. "చక్రాలు కొలిచి, శుభ్రం చేసి, బిగించి, మళ్లీ చూసినందుకు" అని బిల్లులో 500 రాస్తే "ఇదేం లూటీ?" అంటాం. రేపు నికాహ్ పెట్టుకుని ఇవాళ రాత్రి బండి కావాలంటాం. ఉజ్రత్ కోసి, టైమ్ కోసి, ఆపైన భద్రత అడగడం ఇన్సాఫ్ కాదు.

అసలు ఈ పనికి ఇజ్జత్ ఇవ్వని మనసు నుంచే ఇదంతా పుట్టింది. "పంక్చర్లు వేసుకునే వాళ్లు" అని మన కౌమ్ మీద ఒక తానా ఉంది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ గురించి మాట్లాడుతూ దేశ ప్రధాని నోట కూడా ఆ పంక్చర్ల మాట వచ్చింది. దానికి మనవాళ్లు వెంటనే డాక్టర్ల, ఇంజనీర్ల, ఆఫీసర్ల లిస్ట్ చదివారు. ఆ లిస్ట్ సచ్చే. కానీ ఆ లిస్ట్ చదివినప్పుడు మన ఇంట్లోనే నూనె మరకల చొక్కాతో కూర్చున్న మామూ మనసు ఏమనుకుని ఉంటుంది? ముస్లింలు నెల జీతాల కంటే సొంత చేతిపనుల మీదే ఎక్కువగా బతుకుతున్నారని 2006లో సచార్ కమిటీ రాసింది. ఆ చేతుల రిజ్‌ఖ్ తిని పెరిగిన వాళ్లమే మనం. రిష్తా మాటల్లో "అబ్బాయి ఏం చేస్తాడు?" అంటే "ఆటోమొబైల్ బిజినెస్" అని మెల్లగా అంటాం. మెకానిక్ అనడానికి నోరు రాదు. మనమే సిగ్గుపడే పనిని ఇంకెవరు గౌరవిస్తారు? ఆ తానాకి నిజమైన జవాబు లిస్ట్ కాదు. మన షెడ్డు నుంచి వెళ్లిన బండి చక్రం ఊడదు అనే భరోసాయే జవాబు.

అందుకని నేను అడిగేది చాలా చిన్నది. యాక్సిల్ మార్చిన చేత్తోనే చక్రాలు బిగించాలి. కుదరకపోతే ఆ చెయ్యి పక్కన నిలబడాలి. ప్రతి షెడ్డులో ఒక టార్క్ పానా, ఒక మర గేజు, ఒక స్కేలు ఉండాలి. బండితో పాటు ఒక పర్చీ ఇవ్వాలి: ఏ యాక్సిల్ వేశారు, స్టడ్డు కొలత ఎంత, ఎంత బిగువు పెట్టారు, ఎవరు బిగించారు, ఎన్ని కిలోమీటర్లకి మళ్లీ తీసుకురావాలి. కింద ఉస్తాద్ దస్తఖత్. రిజిస్ట్రేషన్ కాగితంలో రాసి ఉన్న వివరాలకి తేడా వచ్చే మార్పు ఏదైనా చేస్తే 1988 మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుందని గాహక్‌కి ముందే చెప్పాలి.

ఇక బెహన్లారా, ఈ పర్చీ అడగాల్సింది మీరే. మగాళ్లు అడగరు, వాళ్లకి షెడ్డులో దోస్తీ అడ్డొస్తుంది. బండి వాకిట్లోకి రాగానే పూలదండ సరిగ్గా ఉందా అని కాదు, "పర్చీ ఎక్కడ?" అని అడగండి. పర్చీ లేదంటే పిల్లల్ని దించేయండి. నికాహ్ గంట ఆలస్యమైతే ఖాజీ సాబ్ గుస్సా పడతారు, అంతే. ఆ గుస్సా బిర్యానీ వాసనకే తగ్గిపోతుంది.